"వచ్చిందా?" అని కాదు, "ఏమడిగారు?" అని అడుగుదాము

ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోయిన తరువాత ఒక తల్లి మందిరపు గుమ్మము దగ్గర నిలిచిపోయింది. చేతిలో ఒక స్టీలు డబ్బా ఉన్నది. "వందనాలయ్యగారూ. మా పిల్లగాడు ఇరవై రోజుల నుండి ఫోను సక్కగ ఎత్తుతలేడు. ఎత్తినా 'బాగనే ఉన్ననమ్మా' అని పెట్టేస్తుండు. మీరు పట్నం పోతున్నరట గదా, ఒక్కసారి చూసి రండి" అన్నది. డబ్బాలో సకినాలు ఉన్నవి.

ఆ పిల్లవాడు మా సండేస్కూలులో పెరిగినవాడే. వారి ఇంటిలో బి.టెక్ చదివిన మొదటివాడు. ఆ చదువు కొరకు తండ్రి అరెకరము పొలము తాకట్టు పెట్టాడు. చదువు ముగిసి రెండేళ్లయినది. సాఫ్ట్‌వేరు ఉద్యోగము కొరకు హైదరాబాదులో ఉండి ప్రయత్నిస్తున్నాడు. అప్పటికి 11 ఇంటర్వ్యూలకు వెళ్లి వచ్చాడు. ప్రతిసారీ ఇంటి నుండి ఒకే ప్రశ్న: "వచ్చిందా?" ప్రతిసారీ ఒకే జవాబు: "రాలేదు."

ప్రియ పాఠకులారా, మన గ్రామ సంఘాలలో ఇటువంటి ఇల్లు ఒకటి మాత్రమే కాదు. పదవ తరగతి పరీక్ష అంటే మనకు తెలుసు. హాలు టికెట్టు, మార్కులు, ఫలితాలు, అన్నీ తెలుసు. గాని మన బిడ్డ ఒక గదిలో కూర్చుని, ఎదుట కూర్చున్న ఇంజనీరు అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పే ఆ గంటసేపు ఏమి జరుగుతుందో మనలో చాలామందికి తెలియదు. మాకును తెలియదు. ఆ పిల్లవాని యొద్ద గడిపిన రెండు దినములలో మేము నేర్చుకొన్నది మీతో పంచుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

గ్రంథాలయపు ఆవరణలో

బస్సు దిగి ఎం.జి.బి.ఎస్. దగ్గర మెట్రో రైలు ఎక్కాము. 2020 ఫిబ్రవరిలో ప్రారంభమైన ఈ మార్గములో సుల్తాన్ బజారు, నారాయణగూడ దాటగానే చిక్కడపల్లి వస్తుంది. అక్కడి నగర కేంద్ర గ్రంథాలయము లోపల కుర్చీలు నిండిపోగా, బయట ఆవరణలో కూడా యౌవనస్థులు పుస్తకాలు ముందు పెట్టుకొని కూర్చుంటారు. దగ్గరలోనే అశోక్ నగర్. ఆ సందులనిండా కోచింగు సెంటర్లు, జిరాక్సు దుకాణాలు, పాత పుస్తకాల కొట్లు, ఒక్కొక్క గదిలో ముగ్గురు నలుగురు ఉండే హాస్టళ్లు.

నిజానికి ఆ ప్రాంతము సర్కారు కొలువుల కొరకు చదివేవారికి పేరు పొందినది. సాఫ్ట్‌వేరు కోర్సులు నేర్పే సంస్థలు ఎక్కువగా ఉన్నది అమీర్‌పేటలో. మరి ఇక్కడ ఎందుకున్నావు నాయనా అని అడిగితే, "ఇక్కడ అందరూ చదువుతుంటరు అయ్యగారూ. వాళ్లను చూస్తే మనకూ చదవాలనిపిస్తది" అన్నాడు. అతని గది మిత్రుడు గ్రూప్స్ కొరకు చదువుతున్నాడు. అతడును బి.టెక్ చదివినవాడే. మూడు నాలుగు కంపెనీలలో ఇంటర్వ్యూ తప్పి, ఈ దారికి మళ్లాడు.

ఆ రాత్రి వారిద్దరి మాటలు వింటూ ఉంటే ఒక సంగతి మాకు అర్థమైనది. గ్రూప్స్ అభ్యర్థి కష్టము చిన్నది కాదు. 2022 అక్టోబరులో జరిగిన తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకు వలన 2023 మార్చిలో రద్దయినది. 2023 జూనులో తిరిగి పెట్టిన పరీక్షను హైకోర్టు రద్దు చేసినది. అయినను ఆ పరీక్షకు ఒక కీ ఉన్నది. జవాబు తప్పని తోచితే అభ్యంతరము చెప్పవచ్చును. మౌఖిక పరీక్షలో అన్యాయము జరుగునేమో అన్న అనుమానము లేకుండా, 2022లో తెలంగాణ ప్రభుత్వము గ్రూప్-1, గ్రూప్-2 ఉద్యోగాలకు ఇంటర్వ్యూను తీసివేసినది కూడా.

సాఫ్ట్‌వేరు అభ్యర్థికి అంతా ఇంటర్వ్యూయే. దానికి కీ లేదు, మార్కుల జాబితా లేదు. "ఈసారి మిమ్మల్ని తీసుకోలేకపోతున్నాము" అని రెండు వాక్యాల మెయిలు వస్తుంది. ఒక్కొక్కసారి అది కూడా రాదు. ఏది తప్పు చెప్పాడో తెలియదు గనుక, ఆ పిల్లవాడు తానే తప్పు అనుకొన్నాడు. ఫోను ఎత్తకపోవుటకు కారణము ఇదే.

ఆ గదిలో ఏమి జరుగుతుంది?

కంపెనీని బట్టి కొంత మారినను, మొత్తము మీద మెట్లు ఇవి. మొదట కంప్యూటరు మీద పరీక్ష. కాలము-పని, రైళ్లు-వేగము వంటి లెక్కలు, కొంత ఇంగ్లీషు, ఒకటి రెండు ప్రోగ్రాములు. ప్రోగ్రాము వ్రాయగానే యంత్రమే దానికి రకరకాల లెక్కలు ఇచ్చి సరిచూస్తుంది. వందలమంది, వేలమంది వ్రాస్తే కొందరే దాటుతారు.

తరువాత వచ్చేది టెక్నికల్ రౌండు. ఒకసారి కావచ్చు, మూడు నాలుగుసార్లు కావచ్చు. కంపెనీలో పనిచేసే ఇంజనీరే ఎదుట కూర్చుంటాడు. 2020లో కరోనా వచ్చిన తరువాత చాలా ఇంటర్వ్యూలు వీడియోలోనికి మారినవి. దొంగచాటున జవాబులు అందించే పరికరాలు పెరిగినందున ఇటీవల కొన్ని కంపెనీలు తిరిగి ముఖాముఖికి పిలుస్తున్నవి. కాలేజీలో చేసిన ప్రాజెక్టు గురించి అడుగుతారు. ఆపైన ఒక సమస్య ఇచ్చి, దానిని అప్పటికప్పుడు తమ ఎదుటనే పరిష్కరించమంటారు. కడపట హెచ్.ఆర్. రౌండు. జీతము, ఊరు, మధ్యలో ఖాళీగా ఉన్న సంవత్సరాలు, ఇవన్నీ అక్కడ వస్తాయి.

మన పిల్లవాడు ప్రతిసారీ ఆగిపోయింది మధ్య మెట్టు దగ్గరనే.

సంఘపు రిజిస్టరు పాఠము

మరునాడు ఉదయము గ్రంథాలయపు ఆవరణలో సకినాలు తింటూ, "నాయనా, చివరిసారి ఏమి అడిగారో మాకు అర్థమయ్యేటట్లు చెప్పు" అన్నాము. కొంచెము ఆలోచించి మన సంఘము మీదనే పెట్టి చెప్పాడు.

"అయ్యగారూ, మన సంఘపు రిజిస్టరులో 200 పేర్లున్నయనుకోండి. అందులో ఒక పేరు వెదకాలి. మొదటి పేరు నుండి చూసుకుంటూ పోతే, ఆ పేరు చివర ఉంటే 200 పేర్లు చూడాలి. అట్ల కాకుండ నడిమికి తెరిచి చూస్తే? మనకు కావలసిన పేరు దానికి ముందు ఉన్నదా, వెనుక ఉన్నదా తెలుస్తది. సగం రిజిస్టరు పక్కకు పెట్టేయొచ్చు. మిగిలిన సగంలో మళ్లీ నడిమికి. అట్ల సగం సగం తీసేస్తూ పోతే ఎక్కువలో ఎక్కువ 8 సార్లు చూస్తే సాలు. 10 లక్షల పేర్లున్నా 20 సార్లే."

మాకు ఎంతో ఆశ్చర్యము కలిగింది. పది లక్షల పేర్లలో ఒక పేరు ఇరవై చూపులలో దొరుకుతుందా! అయితే ఒక సందేహము వచ్చింది. "మరి మన రిజిస్టరు అక్షరక్రమములో లేదు గదా నాయనా? బాప్తిస్మపు తేదీల వరుసలో ఉన్నది. నడిమికి తెరిస్తే ఏమి తెలుస్తుంది?"

పిల్లవాడు సకినము చేతిలోనే పట్టుకొని మా వైపు చూస్తూ ఉండిపోయాడు. తరువాత నవ్వాడు. ఇరవై రోజులలో అదే మొదటి నవ్వేమో. "అయ్యగారూ, నేను అడగాల్సిన ప్రశ్న అదే! ఆయన 'పేర్ల జాబితా ఉంది, ఒక పేరు వెదుకు' అన్నడు. ఆ పేర్లు వరుసలో ఉన్నయా లేవా అని నేను అడగలేదు. తల వంచుకొని మొదటి నుండి చూసే ప్రోగ్రాం రాసిచ్చిన. ఆయన సేపు చూసి, చాలన్నడు."

వరుసలో లేకపోతే ఏమి చేయాలో కూడా అతనికి తెలుసు. ఒక్కసారే వెదకవలసి ఉంటే మొదటి నుండి చూచుటే మేలు. ప్రతిదినము వెదకవలసి ఉంటే ముందుగా ఒకసారి వరుసలో పేర్చుకొనుట మేలు. ఈ సంగతి అంతా మాకు తెలుగులో చక్కగా వివరించాడు. "ఇలాగే అక్కడ చెప్పావా?" అన్నాము. "లేదయ్యగారూ. అక్కడ నోరు రాలేదు" అన్నాడు.

మనము నేర్పిన మౌనము

ఆ మాట మమ్మల్ని చాలాసేపు ఆలోచింపజేసింది. ఇంటర్వ్యూ చేసే ఇంజనీరు చూచేది కడపటి జవాబు ఒక్కటే కాదు. జవాబు దగ్గరకు ఈ మనిషి ఎలా నడుస్తున్నాడో చూస్తాడు. ప్రశ్నలో చెప్పకుండా విడిచినదానిని అడిగి తెలుసుకొంటాడా? మొదట తోచిన సులభమైన దారి చెప్పి, అది ఎందుకు చాలదో తానే చెప్పగలడా? జాబితా ఖాళీగా ఉంటే, ఒకే పేరు రెండుసార్లు ఉంటే ఏమవుతుందో చూచుకొంటాడా? తెలియనప్పుడు తెలియదని చెబుతాడా? ఇవన్నీ పైకి మాట్లాడితేనే ఎదుటివానికి తెలుస్తాయి. రేపు కలిసి పనిచేయవలసినది మనుష్యులతోనే గనుక ఈలాగు చూస్తారు.

మరి మన ఇండ్లలో ఏమి నేర్పాము? పెద్దలు మాట్లాడుతుంటే నోరెత్తకు. అయ్యవారిని ఎదురు ప్రశ్న వేయకు. తెలియకపోతే తల వంచుకొని ఉండు. బడిలోను ఇంతే. జవాబు బట్టీపట్టి అప్పగించినవాడే మంచి విద్యార్థి. ఇరవై యేండ్లు ఈలాగు పెంచి, ఒక దినమున ఆ గదిలోనికి పంపుతున్నాము. అక్కడ మౌనముగా ఉంటే వినయమనుకోరు, ఏమీ తెలియదనుకుంటారు. ఎదురు ప్రశ్న అడిగితే పొగరనుకోరు, బుద్ధిమంతుడనుకుంటారు. ఇది మన బిడ్డల తెలివిలోని లోపము కాదు. మనము నేర్పని ఒక అలవాటు. అలవాటు గనుక సాధనతో వస్తుంది.

ఇంగ్లీషు సంగతియు ఇంతే. న్యాయాధిపతుల గ్రంథములో యొర్దాను రేవుల దగ్గర ఒక్క మాట పలుకమని మనుష్యులను పరీక్షించిన సంగతి మీరెరుగుదురు. షిబ్బోలెతు అనలేక సిబ్బోలెతు అన్నవారు ప్రాణాలు కోల్పోయారు. మన పిల్లలు ఇంటర్వ్యూను అటువంటి రేవు అనుకొని భయపడతారు. ఇంగ్లీషు కావలసినదే, దానిని నేర్చుకోవలసినదే. గాని ఇంజనీరుకు కావలసినది యాస కాదు, స్పష్టత. చిన్న చిన్న వాక్యాలలో, తొందరపడకుండా చెప్పగలిగితే చాలును. ప్రశ్న అర్థము కాకపోతే మరొకసారి చెప్పమని అడుగుట తప్పు కాదు.

పరీక్షించువారును తప్పిపోతారు

ఇంకొక సంగతి మన పిల్లలు తెలుసుకోవాలి. ఈ ఇంటర్వ్యూలు తప్పు లేని త్రాసులు కావు. సత్యం కంప్యూటర్స్ 1987లో హైదరాబాదులో ప్రారంభమైనది. 1998 నవంబరులో ప్రధానమంత్రి వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రము నగరానికి వచ్చినది ఆ సంవత్సరమే. ఆ రోజులలో మైక్రోసాఫ్ట్ ఇంటర్వ్యూలు పొడుపుకథల వంటి ప్రశ్నలకు పేరుపొందినవి. మ్యాన్‌హోలు మూత గుండ్రముగా ఎందుకుంటుంది? అన్నది వాటిలో ఒకటి. గుండ్రని మూత ఎటు త్రిప్పినా ఆ గుంటలో పడిపోదు అన్నది ఒక జవాబు. ఈ పద్ధతిని అనేక కంపెనీలు పట్టుకొన్నవి. అయితే 2013లో గూగుల్‌లో ఉద్యోగుల విభాగపు అధిపతి లాస్లో బాక్, అటువంటి పొడుపు ప్రశ్నల వలన ఎవరు బాగా పనిచేస్తారో ఏమీ తెలియదని, అవి కాలము వృథా చేయుటేనని పత్రికల ఎదుట ఒప్పుకొన్నాడు.

2015లో మ్యాక్స్ హోవెల్ అనే ఇంజనీరు తనను గూగుల్ తీసుకోలేదని బహిరంగముగా వ్రాశాడు. ఆయన తయారుచేసిన హోమ్‌బ్రూ అనే పరికరమును ఎందరో ఇంజనీర్లు దినదినము వాడుతారు. అట్టివాడు బోర్డు మీద ఒక పాఠ్యపుస్తకపు లెక్క చేయలేక తప్పిపోయాడట. కాబట్టి ఒక ఇంటర్వ్యూ తప్పినంత మాత్రాన మనిషి పనికిరానివాడు కాడు.

సత్య నాదెళ్ల సంగతి కూడా వినదగినది. ఆయన హైదరాబాదులో, బేగంపేటలోని పబ్లిక్ స్కూలులో చదివినవాడు. 1992లో మైక్రోసాఫ్ట్ ఇంటర్వ్యూలో లెక్కలన్నీ అయిన తరువాత ఒకరు ఇలా అడిగారు: వీధిలో ఒక పసిబిడ్డ పడి ఏడుస్తుంటే ఏమి చేస్తావు? ఇందులో ఏదో చిక్కు లెక్క ఉన్నదనుకొని ఆయన చాలాసేపు ఆలోచించి, అత్యవసర సహాయపు నంబరుకు ఫోను చేస్తానన్నాడు. అడిగినవాడు ఆయన భుజము మీద చేయి వేసి, ఏడ్చే బిడ్డను ముందు ఎత్తుకోవాలని చెప్పి పంపాడు. ఇక ఉద్యోగము రాదనుకొన్నానని నాదెళ్ల గారే 2017లో తన పుస్తకములో వ్రాసుకొన్నారు. ఉద్యోగము వచ్చినది. 2014లో ఆ కంపెనీకే ముఖ్య అధికారి అయినారు. తప్పు జవాబు చెప్పినచోటనే ఆయన జీవితకాలపు పాఠము నేర్చుకొన్నారు.

మేము ఈ సంగతి చెప్పగానే పిల్లవాడు, "మా అమ్మ అయితే మొదట ఎత్తుకుంటది అయ్యగారూ" అన్నాడు. నిజమే. ఆ ప్రశ్నకు మన ఊరి తల్లులందరు పాసవుతారు.

దొడ్డిదారి వద్దు

రెండేళ్లు గడిచి అప్పు మీద వడ్డీ పెరుగుతున్నప్పుడు శోధన వస్తుంది. మా పిల్లవానికి కూడా వచ్చింది. హాస్టలులో పరిచయమైన ఒకడు, రెండు లక్షలు ఇస్తే ఇంటర్వ్యూ లేకుండానే ఉద్యోగము ఇప్పిస్తానన్నాడట. మరొకడు మూడేళ్లు పనిచేసినట్లు దొంగ సర్టిఫికెట్టు చేసిస్తానన్నాడట. వీడియోలో ఇతని బదులు వేరొకరు మాట్లాడే ఏర్పాటు కూడా ఉన్నదట.

తలిదండ్రులారా, మీ బిడ్డ డబ్బు అడిగితే ఎందుకో వివరముగా అడగండి. ఉద్యోగము ఇచ్చే మంచి కంపెనీ మన దగ్గర డబ్బు తీసుకోదు. చేరిన తరువాత పాత కంపెనీల వివరాలు విచారిస్తారు. అబద్ధము బయటపడితే ఉద్యోగము పోతుంది, పేరు పోతుంది, కేసులు కూడా పడవచ్చును. ఒకవేళ బయటపడకపోయినా, రాని పనిని వచ్చినట్లు నటిస్తూ ప్రతి ఉదయము ఆఫీసుకు వెళ్లుట ఎంత నరకమో అనుభవించినవారు చెబుతారు. పొలము పోతే తిరిగి కొనవచ్చును, పోయిన పేరును అంత త్వరగా కొనలేము.

మనము చేయగలిగినది

మేము తిరిగి వచ్చేముందు ఇద్దరు మిత్రులు ఒక ఒప్పందము చేసుకొన్నారు. ప్రతి సాయంకాలము ఇందిరా పార్కు వైపు నడుస్తూ, గ్రూప్స్ మిత్రుడు చీటీ మీదనుండి ఒక ప్రశ్న చదవాలి. మనవాడు పైకి మాట్లాడుతూనే జవాబు చెప్పాలి. తడబడినా ఆపకూడదు. ప్రతి ఇంటర్వ్యూ ముగిసిన గంటలోపల, అడిగిన ప్రశ్నలన్నీ ఒక నోటుబుక్కులో వ్రాసుకోవాలి. కీ ఇవ్వనివారి దగ్గర మన కీ మనమే తయారుచేసుకోవాలి గదా!

సంఘములలో మనము ఏమి చేయవచ్చును? యౌవనస్థుల కూడికలలో పిల్లలను నిలబెట్టి, తాము చదివినది పెద్దలకు అర్థమయ్యేలా పది నిమిషాలు చెప్పనివ్వండి. ఎదురు ప్రశ్న అడిగిన బిడ్డను గద్దించకండి. ఇప్పటికే ఉద్యోగాలలో ఉన్న సంఘస్థులు నెలకు ఒక గంట ఫోనులో ఉత్తుత్తి ఇంటర్వ్యూ చేసిపెట్టండి. అది గొప్ప సహాయము.

ఇంటివారికి మేము చెప్పేది ఒక్కటే. "వచ్చిందా?" అని అడగకండి. ఆ ప్రశ్నకు అవును, కాదు అనే రెండే జవాబులు. ఎక్కువసార్లు వచ్చేది కాదు అన్నదే. "ఏమడిగారు?" అని అడగండి. మీకు అర్థము కాకపోయినా పరవాలేదు. బిడ్డకు మాట్లాడే సాధన అవుతుంది. తాను ఒంటరివాడు కాడని తెలుస్తుంది.

ఊరికి రాగానే ఆ తల్లికి ఈ మాటే చెప్పాము. మూడు వారాల తరువాత ఆమె తిరిగి మందిరపు గుమ్మము దగ్గర నిలబడింది. "మొన్న పన్నెండోదానికి పోయి వచ్చిండు అయ్యగారూ. తనే ఫోను చేసిండు. ఏమడిగిండ్రు బిడ్డా అన్న. అర్ధగంట చెప్పిండు. నాకు ఒక్క ముక్క సమజ్ కాలే. ఊ కొడుతనే ఉన్న. అన్నీ చెప్పినంక, 'అమ్మా, రెండో ప్రశ్నలో ఎక్కడ తప్పిన్నో నీకు చెప్తుంటే తెలిసింది' అని నవ్విండు."

ఆ ఉద్యోగము రాలేదు. తరువాతది వస్తుందో రాదో మేము చెప్పలేము. గాని ఆ ఇంట ఫోను మ్రోగుతున్నది, ఆ బిడ్డ ఎత్తుతున్నాడు. ఈ ఆదివారము మందిరము నుండి ఇంటికి వెళ్లగానే, దూరాన ఉన్న మీ బిడ్డకు మీరును ఫోను చేసి అడగండి: "ఏమడిగారు నాయనా?"